మూఢమునందలి బిల్లు



ఇంటి కరెంటు బిల్లు పెరిగినచో ఇంటి యజమాని కోడలిని గాని కొడుకును గాని పిలిచి మందలించును. దుకాణపు బిల్లు పెరిగినచో దుకాణదారుని లాభము తరుగును గనుక వాడే మేల్కొనును. ఊరుమ్మడి కట్టడపు బిల్లు పెరిగినచో అడుగువా డెవ్వడు? కల్యాణమండపము, సహకార సంఘపు గిడ్డంగి, రైతులు కలిసి పెట్టుకొన్న బియ్యపు మిల్లు, మిరపకాయలు దాచు శీతలగిడ్డంగి, ఇవి అందఱివియు. కావుననే వీనిలో వ్యర్థమగు కరెంటు ఎవ్వనిదియు కాదు. పైగా వర్తకపు కోవలో చేరిన కట్టడములకు యూనిటు ధర ఇండ్లకంటె హెచ్చు. అట్టి కట్టడములలో కరెంటు వ్యయమును తగ్గించు ఉపాయములను గూర్చి నేడు మీతో ముచ్చటింప దలచితిని. విద్యుత్తనగా విశేషముగా ప్రకాశించునదని వ్యుత్పత్తి. బిల్లులో మాత్రము అది ఎక్కడ ప్రకాశించినదో, ఎక్కడ చీకటిలో జారిపోయినదో ఒక్క మాటయు ఉండదు. దానిని మనమే వెదకికొనవలెను.

మా ప్రాంతమున ఒక గ్రామములో చందాలు పోగుచేసి కట్టిన కల్యాణమండపము కలదు. పేదవాని ఇంట పెండ్లికి స్వల్పమైన అద్దెకు ఇచ్చుటయే దాని ప్రథమోద్దేశము. కాలక్రమమున పెద్ద హాలునకు ఏసీలు అమర్చిరి, వెలుపల దీపతోరణములు కట్టిరి. పిమ్మట వచ్చిన అద్దె కరెంటునకే చాలదాయెను. అద్దె రెట్టింపు చేయుదమని కొందఱు, పట్టణపు గుత్తేదారునకు కౌలున కిచ్చి చేతులు దులుపుకొందమని కొందఱు వాదించిరి. రెంటిలో ఏది జరిగినను కూలివాని కూతురి పెండ్లి మరల వీధిలో పందిరి క్రిందికే పోవును. ఆ సభకు నన్నును పిలిచిరి. ఉపాధ్యాయుడను గనుక లెక్కలు చదువగలనని వారి నమ్మకము. ఒక సంవత్సరపు బిల్లులన్నియు తెప్పించి జంపఖానాపై వరుసగా పఱపించితిని. ప్రక్కన పంచాంగము పెట్టుకొంటిని.

పంచాంగమెందుకని కొందఱు నవ్విరి. ముహూర్తములున్న మాసములలో బిల్లు హెచ్చుగా వచ్చుట సహజము. దానినుండి తెలియునది స్వల్పము. ఆషాఢమున పెండ్లిండ్లు లేవు. శుక్రమూఢమో గురుమూఢమో వచ్చిన దినములలో మండపమునకు తాళము వేసియుండును. తాళము వేసిన ఇంటిలో కరెంటు త్రాగువా డెవ్వడు? ఆ మూఢపు బిల్లులో యూనిట్లు సున్నకు దగ్గఱగా ఉండవలెను గదా. లేవు. నిండు ముహూర్తముల మాసముతో పోల్చిన తక్కువయే గాని, నిర్మానుష్యమైన కట్టడమునకు అది చాల హెచ్చు.

అందఱమును మండపమునకు పోయి చూచితిమి. వంటశాలలో ఐస్‌క్రీము పెట్టె ఖాళీగా గుఱ్ఱుమనుచున్నది. ప్రహరీపై దీపములు మిట్టమధ్యాహ్నమున వెలుగుచున్నవి. స్విచ్చి ఎక్కడనో కావలివానికిని తెలియదు. మేడమీది నీళ్లతొట్టికి గొట్టము కారుచుండగా, తొట్టి తరిగినప్పుడెల్ల మోటారు తనంతట తానే తిరిగి నీరెక్కించుచున్నది. కారునది నీరని అందఱును ఎఱుగుదురు; కరెంటును కూడ అక్కడనే కారుచున్నదని నాటికి గాని తోచలేదు. ఈ మూడింటిని సరిచేయుటకు కొత్త యంత్రమేదియు కొననక్కఱ లేకపోయెను. ఒక కుళాయి పనివాడును, ఒక కరెంటు మేస్త్రియు చాలిరి.

అందుచేత మీ ఊరి ఉమ్మడి కట్టడమేదైనను, మొదట దాని మూఢమును కనుగొనుడు. బియ్యపు మిల్లునకు ధాన్యము రాని నెల, గిడ్డంగికి సరకు లేని నెల, బడికి వేసవి సెలవులు. ఆ నెల బిల్లు ఎంతయో అంతయు అడుగున చిల్లి ఉన్నదనుటకు సాక్ష్యము. ఇదియే నేటి ప్రసంగములో నేను ముఖ్యముగా చెప్ప వచ్చిన మాట. తక్కిన దంతయు దీనికి అనుబంధము.

ఇక బిల్లు చదువు విధము. బిల్లులో రెండు పాళ్లుండును. మీటరు తిరిగిన యూనిట్లకు చెల్లించునది ఒకటి. వేయి వాట్ల వస్తువు ఒక గంట పనిచేసినచో ఒక యూనిటు. రెండవది స్థిరరుసుము. మన కట్టడమునకు ఇంత భారము కావలెనని కరెంటు సంస్థతో ఒప్పందము వ్రాసికొంటిమి గదా, దానినిబట్టి తాళము వేసినను వేయకున్నను ఈ రుసుము వచ్చుచునే యుండును. మేము చూచిన మండపమునకు ఎవరో ముందుచూపుతో, రేపు రెండవ అంతస్తు వేయుదుమని తలచి పెద్ద భారమునకు ఒప్పందము చేసిరి. ఆ అంతస్తు నేటికిని లేదు. లేని అంతస్తునకు ఏండ్ల తరబడి రుసుము కట్టిరి! భారము తగ్గింపు మని దరఖాస్తు పెట్టుకొనవచ్చునని ఆ సంఘములో తెలిసినవారు లేకపోయిరి.

అట్లని ఒప్పందమును మఱీ కుదించుటయు ప్రమాదమే. పెద్ద కనెక్షనులకు మీటరు ఇంకొక లెక్క కూడ వ్రాయుచుండును. నిర్ణీతమైన స్వల్పకాలములో సగటున హెచ్చుగా లాగిన భారమెంత అనునది ఆ లెక్క. నెలలో ఒక్క పూట అది ఒప్పందమును మించినను అదనపు రుసుము పడును. పెండ్లివారు దిగగానే ఏసీలన్నియు, నీళ్లమోటారును, వంటశాలలోని రుబ్బురోళ్లును ఒక్కమాఱే వేయుటచే ఇది జరుగును. నీరు వేకువజామున ఎక్కించి, రుబ్బుట ముందుగా ముగించి, ఏసీలను రెండేసి చొప్పున కొంత ఎడమిచ్చి వేసికొన్నచో పెండ్లికి లోటు రాదు, రుసుమును పడదు. విస్తళ్లు వేయుటలో బంతులు తీర్చు నేర్పుగల మన పెద్దలకు ఇది నేను నేర్పవలసినది కాదు.

మిల్లుల వారికి, శీతలగిడ్డంగుల వారికి మఱియొక చిక్కు కలదు. దానిని పవరు ఫ్యాక్టరందురు. పొదుగు క్రింద చెంబు పెట్టి పాలు పితికినప్పుడు పైన నురుగు లేచును. త్రాగుట కక్కఱకు వచ్చునవి పాలు. అయినను చెంబు మాత్రము పాలకును నురుగునకును కలిపి చాలినంత పెద్దది కావలెను. మోటారులు, పాతకాలపు చోకు కట్టిన గొట్టపు దీపములు కరెంటులో ఇట్టి నురుగు లేపును. పనిచేయు కరెంటు కొంత. ఊరక వచ్చి మరలిపోవునది కొంత. చాల పెద్ద కనెక్షనులకు పాలనే గాక నురుగును కూడ కలిపి కొలిచి బిల్లు వేయుదురు. మోటారు ప్రక్కన తగిన కెపాసిటరు పెట్టినచో ఆ నురుగు అక్కడికక్కడనే అణగును. తగినదనుటలో అర్థము కలదు. అక్కఱకు మించి పెట్టుటయు దోషమే. కెపాసిటరు ఏండ్లు గడచిన కొలది క్షీణించును. పెట్టె గోడకు ఉన్నది గదా యని నిశ్చింతగా ఉండక, ఏటేట మేస్త్రిచేత పరీక్ష చేయింపవలెను.

ఇప్పుడు వేడిమి మాట. మన దేశమున పెద్ద కట్టడములలో చాలవఱకు కరెంటు పోవునది చల్లదనమునకే. ఏసీ అనునది చలిని పుట్టించు యంత్రమని జనుల భ్రమ. అది చలిని పుట్టింపదు. లోపలి వేడిని తోడి బయట పోయును. బావిలో నీరు తోడువాడు బావిలోనికి వచ్చు ఊటను తలచునట్లు, ఏసీ పెట్టినవాడు లోనికి వచ్చు వేడిని తలపవలెను. టన్ను, టన్నున్నర యని ఏసీకి తూకము చెప్పుదురు గదా. అది యంత్రపు బరువు కాదు. పూర్వము మంచుగడ్డలతో చల్లబఱచుకాలమున, అమెరికా లెక్క ప్రకారము ఒక టన్ను, అనగా సుమారు 907 కిలోల మంచు 24 గంటలలో కరగుటకు ఎంత వేడి కావలెనో అంత వేడిని లాగు శక్తిని టన్ను అనిరి. నేటి కొలతలో అది సుమారు 3,500 వాట్లు. తీరికగా కూర్చున్న మనుష్యుని దేహమునుండి సుమారు 100 వాట్ల వేడి వెలువడును. అనగా 35 మంది చుట్టములు కూర్చున్నచో ఒక టన్ను ఏసీ వారి దేహముల వేడికే సరిపోవును! 350 మంది కూర్చున్న హాలులో పది టన్నులు పెండ్లివారికే అర్పణము. వారిని రావలదన లేము. కాని కప్పునుండి దిగు ఎండను, తెఱచిన తలుపునుండి దూరు వడగాలిని, వంటశాల వేడిని రావలదన వచ్చును గదా.

కప్పు మాట మొదట చూడుడు. నల్లబడిన సిమెంటు కప్పు వైశాఖపు ఎండలో పెనమువలె కాగును. సున్నము గాని, ఎండను త్రిప్పికొట్టు తెల్లని పూతగాని వేసినచో ఆ వేడిలో చాల భాగము ఆకాశమునకే పోవును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించి, కొత్తగా కట్టు సర్కారు కట్టడములకును వర్తకపు కట్టడములకును దానిని విధిగా చేసినది. మన తాతలు మిద్దెకు ఏటేట సున్నము కొట్టించినది అందమునకు మాత్రమే కాదని ఇప్పుడైనను ఒప్పుకొనుట సంతోషము.

తలుపుల సంగతి శీతలగిడ్డంగులలో మఱింత స్పష్టముగా తెలియును. గుంటూరు ప్రాంతమున రైతులు తేజమైన ఎఱ్ఱరంగు చెడకుండ, మంచి ధర వచ్చువఱకు మిరపకాయల బస్తాలను ఇట్టి గిడ్డంగులలో దాచుకొందురు. బస్తాకింత యని రైతు చెల్లించు అద్దెలో గిడ్డంగివాని కరెంటు బిల్లును కలిసియే యుండును. మే మాసపు ఎండలో, బస్తాలు దింపునంతసేపును పెద్ద తలుపు బార్లా తెఱచి పెట్టుటకంటె, దళమైన ప్లాస్టికు పట్టెల తెర వ్రేలగట్టి, తలుపు అంచులకు ఊడిన రబ్బరు మార్పించుట మేలు. ఇంకొక రహస్యము. చల్లని గదిలో వెలుగు దీపమునకు రెండు మాఱులు చెల్లింతుము. దీపము త్రాగు కరెంటంతయు తుదకు వేడిగా మాఱి గదిలోనే ఉండును. ఆ వేడిని తోడి బయట పోయుటకు యంత్రము మరల కరెంటు త్రాగును. మనుష్యులు లేని గదిలో దీపము మఱచిపోవుట ఇంటిలో ఒక తప్పు, శీతలగిడ్డంగిలో రెండు తప్పులు.

దీపములు, ఫ్యానులు అందఱికిని తెలిసినవే గనుక త్వరగా చెప్పెదను. చోకుతో కూడిన పాత గొట్టపు దీపము 50 వాట్లకు పైగా త్రాగును. దాని స్థానమున ఎల్.ఇ.డి. గొట్టము 20 వాట్లతో అంత వెలుగిచ్చును. 60 దీపములు మార్చినచో గంటకు రెండు యూనిట్ల చొప్పున, పది గంటల పెండ్లి రాత్రికి 20 యూనిట్లు మిగులును. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును ధ్వంసము చేసిన పిమ్మట, ఆ నగరమున వీధిదీపములను పెద్ద యెత్తున ఎల్.ఇ.డి.లుగా మార్చిరి. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు, బి.ఎల్.డి.సి. అను కొత్త తరహా ఫ్యాను 30 వాట్ల ప్రాంతము. ధర హెచ్చే. కావున రోజంతయు తిరుగు ఫ్యానులను ముందు మార్చి, సంవత్సరమునకు పది దినములు తిరుగువానిని అట్లే ఉంచుట తెలివి. అమ్మువాడు అన్నియు మార్చుమనును. వాని ధర్మము వానిది.

ఏసీని 18 డిగ్రీలకు త్రిప్పి, పైన శాలువ కప్పుకొని కూర్చుండు ఆచారము ఎక్కడినుండి వచ్చినదో నాకు తెలియదు. 2020 జనవరి 1 నుండి మన దేశమున నక్షత్రముల గుర్తుతో అమ్ము గది ఏసీలు, వేయగానే 24 డిగ్రీల వద్ద మొదలగునట్లు ఉండవలెనని కేంద్ర ప్రభుత్వము నిర్ణయించినది. ఒక్కొక్క డిగ్రీ పైకి జరిపిన కొలది సుమారు నూటికి ఆఱు వంతుల కరెంటు మిగులునని ఇంధన సామర్థ్య సంస్థవారి లెక్క. 24 డిగ్రీల ఏసీతో పాటు ఫ్యాను మెల్లగా తిరుగుచున్నచో దేహమునకు అంతకంటె చల్లగానే తోచును.

యంత్రములను చిన్నవిగా చేయుటకంటె కట్టడమునే వివేకముతో కట్టుట మేలని నిరూపించినవి మన హైదరాబాదులోనే రెండు కలవు. హరిత భవనముల ప్రచారమునకై భారత పరిశ్రమల సమాఖ్యవారు కట్టిన సోహ్రాబ్జీ గోద్రెజ్ కేంద్రము మొదటిది. దానిని 2004 జులై 14న నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాముగారు ప్రారంభించిరి. నడుమ ఆకాశము కనబడు ముంగిలి, చుట్టును గదులు, చిల్లుల జాలీగోడలు, కప్పుపై పచ్చిక, లోనికి వచ్చు గాలిని ముందుగా చల్లార్చు గాలిగోపురములు అందు కలవు. చిత్రపటములలో చూచినప్పుడు మన మండువాలోగిలియే జ్ఞప్తికి వచ్చినది. అమెరికా దేశమునకు వెలుపల, ఆ దేశపు హరిత భవన పద్ధతిలో అత్యున్నతమైన ప్లాటినం శ్రేణిని మొదట పొందినది ఆ కట్టడమే.

రెండవది పోచారములోని ఇన్ఫోసిస్ వారి కార్యాలయ భవనము. ఇది 2011 ప్రాంతమున సిద్ధమైనది. దీనిని గూర్చి విని నేను చాల ఆనందించితిని, ఏలనన అది న్యాయశాస్త్రములోని దృష్టాంతమువలె ఉన్నది. ఒకే భవనమును సరిసమానముగా రెండు సగములు చేసి, ఒక సగమునకు చల్లని గాలిని ఊదు మామూలు పద్ధతిని, రెండవ సగమునకు కప్పు కాంక్రీటులో గొట్టములు పొదిగి చల్లని నీరు పాఱించు పద్ధతిని అమర్చిరి. గోడలవే, కిటికీలవే, ఎండదే, పనిచేయు జనులును అట్టివారే. భేదము చల్లబఱచు తీరులో మాత్రమే. మొదటి రెండేండ్ల లెక్కలో నీటి పద్ధతి గల సగము, రెండవదానికంటె నూటికి 34 వంతులు తక్కువ శక్తితో గడచినది. కట్టుటకైన వ్యయములో నీటి పద్ధతి హెచ్చును కాలేదు. కారణము మన ఇంటి ఆడవారికి తెలియును. వేడి పాలగిన్నెను విసనకఱ్ఱతో విసరుటకంటె నీళ్లపళ్లెములో పెట్టినచో త్వరగా చల్లాఱును గదా. గాలికంటె నీరు వేడిని అనేక రెట్లు హెచ్చుగా మోయగలదు. గ్రామములో ఇట్టి గొట్టములు వేయుమని నేననను. ఒక్క మాట గ్రహింపుడు: ఆ రెండు సగములకును వేఱువేఱుగా మీటర్లు పెట్టుటచేతనే ఈ భేదము తేలినది. కొలువనిచో రెండు సగములును చల్లగానే ఉన్నవని చెప్పి ఊరకుందురు.

బియ్యపు మిల్లులో కూడ మోటారు మోటారునకు ఒక చిన్న మీటరు ఉండుట మంచిది. జారుచున్న పట్టా, గ్రీజు ఎండిన బేరింగు, ఎన్ని మాఱులో కాలి తీగ చుట్టించిన పాత మోటారు, ఇవి మెల్లమెల్లగా హెచ్చు కరెంటు తినును, చెవికి తెలియదు. గాలి ఊదు పెద్ద ఫ్యానుల విషయమున ఒక వింత కలదు. వాని వేగమును అయిదింట నాలుగు వంతులకు తగ్గించినచో అవి లాగు శక్తి ఇంచుమించు సగమునకు దిగును. వేగమును మూడు మాఱులు తనతో తాను హెచ్చించిన లెక్కన శక్తి మాఱును గనుక ఇట్లగును. తలుపు సగము మూసి గాలి తగ్గించుటకు బదులు, వేగమును మార్చు పరికరము పెట్టుట ఇందుచేతనే లాభకరము. ఎప్పుడును నిండు వేగము కావలసిన ఫ్యానునకు అది వ్యర్థము.

సూర్యఫలకములు పెట్టుకొందుమా యని చాలమంది అడుగుచున్నారు. పెట్టుకొనవచ్చును, పగలు పనిచేయు మిల్లునకు అవి మఱింత తగును. అయితే చిల్లి పూడ్చక పూర్వము కొలిచినచో నాలుగు ఫలకములు చాలు చోట ఎనిమిది కొందురు.

మరల మండపమునకు వత్తము. అక్కడ అన్నిటికంటె కఠినముగా తోచినది యంత్రముల సమస్య కాదు, పెండ్లివారి సమస్య. అద్దెలో కరెంటు కలిసియుండుటచే, విడిదిగదులలో మనుష్యులు లేకున్నను ఏసీలు రేయింబవళ్లు నడచుచుండెను. ఎవరినని మందలింతుము? మగపెండ్లివారితో పేచీ పెట్టుకొను ధైర్యము ఏ కార్యదర్శికి ఉన్నది? తుదకు అద్దె వేఱు, కరెంటు వేఱు అని తీర్మానించిరి. తాళపుచెవి ఇచ్చునప్పుడు మీటరు అంకెను ఉభయులును చూచి పుస్తకములో వ్రాసి సంతకములు చేయుదురు. తాళపుచెవి మరల పుచ్చుకొనునప్పుడు ఇంకొకమాఱు వ్రాయుదురు. భేదమునకు మాత్రమే సొమ్ము. ఏసీలు కోరని పేదవారికి ఫ్యానులుగల చిన్న హాలును పాత అద్దెకే ఇత్తురు. అది మొదటి ముహూర్తములకే పని చేసినది. ఆడపెండ్లివారి పెద్ద ఒకాయన విడిదిగదులన్నియు స్వయముగా తిరిగి స్విచ్చులు కట్టుచుండగా చూచితిని. అద్దె పెంపు మాట, కౌలు మాట ఆ ఏడు సభలో మరల రాలేదు.

ఆ పుస్తకము సామాన్యమైన వంద పుటల నోటుపుస్తకము. ఒక నిలువు గడిలో తేదీ, రెండవదానిలో మీటరు అంకె, మూడవదానిలో ఆనాడు ఏమి జరిగినది, పెండ్లియో, సభయో, తాళమో. ప్రతి ఆదివారము ఉదయము కావలివాడు అంకె వ్రాయవలెను. నెలకొకమాఱు సంఘ సభ్యులలో ఒకరు చూచి సంతకము చేయవలెను. వచ్చు మూఢము ఎప్పుడో మీ పంచాంగములో చూచి, ఆ దినముల ఎదుట ఇప్పుడే ఒక గుర్తు పెట్టుకొనుడు. తాళము వేసిన నాటి అంకెయు, మరల తీసిన నాటి అంకెయు ప్రక్కప్రక్కన వ్రాయించి, ఆ భేదమును సభలో అందఱికిని వినబడునట్లు చదివింపుడు.